నోటిఫికేషన్ పడేలోపు చేయవలసిన పని

ప్రశ్న: మాది వికారాబాద్ జిల్లాలో తాండూరు దగ్గర పల్లెటూరు. మా ఊరికి ఒక పక్క నాపరాళ్ల గనులు, ఇంకో పక్క నల్లరేగడి చేలు. పదో తరగతి వరకు జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీ పూర్తి చేసి ఇప్పుడు విద్యానగర్‌లో హాస్టల్లో ఉంటున్నాను. నా వయసు 23. డిగ్రీ చదివే రోజుల్లో చంద్రయాన్-3 దిగడం చూసినప్పటి నుంచి గ్రహాల మీది రాళ్లపై పరిశోధన చేయాలని కోరిక. ఏడాదిగా కనిపించిన ప్రతి ప్రకటనకూ దరఖాస్తు చేస్తున్నాను. మొత్తం 14 పంపితే రెండు చోట్ల కుదరదన్నారు, మిగతా వాళ్లు జవాబే ఇవ్వలేదు. ఈ రంగం ఫిజిక్స్ చదివినవారికే అని సీనియర్లు అంటున్నారు. ఒక సంస్థ 18 వేల రూపాయలు కడితే మూడు నెలల ‘స్పేస్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్’ సర్టిఫికెట్ ఇస్తామంటోంది. నాన్నగారేమో గ్రూప్-2 రాయమంటున్నారు. నేను ఏ ప్రకటనకు దరఖాస్తు చేయాలి? ఇప్పటివరకు పంపిన దరఖాస్తుల పట్టికను, ఒక ఉత్తరం నకలును జతచేస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరం కంటే ముందు మీరు జతచేసిన పట్టికను చూశాను. మీరు అడిగినదానికి సగం జవాబు అందులోనే ఉంది. పద్నాలుగింటిలో ఆరు పోస్ట్‌డాక్టొరల్ ఉద్యోగాలు. అవి పీహెచ్‌డీ పట్టా చేతికి వచ్చినవారికి, లేదా కొద్ది నెలల్లో రానున్నవారికి ఉద్దేశించినవి. మూడు అమెరికా సంస్థలవి. ఆ దేశ పౌరులు, అక్కడ శాశ్వత నివాస హక్కు ఉన్నవారు మాత్రమే అర్హులని వాటి చివర ఒక వాక్యం ఉంది. అంతరిక్ష నౌకల పరికరాలతో సంబంధం ఉన్న పనులకు అక్కడి ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల ఆ షరతు పెడతారు. అభ్యర్థి ప్రతిభతో దానికి నిమిత్తం లేదు. ఇంకో రెండు, ఇస్రో తన వ్యోమనౌకలు పంపిన సమాచారాన్ని విశ్లేషించడానికి ఇచ్చే పిలుపులు. వాటిని ‘అనౌన్స్‌మెంట్ ఆఫ్ ఆపర్చునిటీ’ అంటారు. పేరులో అవకాశం అన్న మాట ఉన్నా అది ఉద్యోగ ప్రకటన కాదు. విశ్వవిద్యాలయాల్లోనో పరిశోధన సంస్థల్లోనో స్థిరమైన కొలువులో ఉన్న అధ్యాపకులు తమ సంస్థ ద్వారా ప్రాజెక్టు ప్రతిపాదన పంపడానికి ఇచ్చేది. ఒక దరఖాస్తును గడువు దాటిన నాలుగు రోజులకు పంపారు. ఇక మిగిలినవి రెండు. పద్నాలుగింటిలో నిజంగా మీ కోసం వెలువడినవి ఆ రెండే.

ఆ రెండింటిలో ఒకటి అహ్మదాబాద్‌కు పంపారు. దాని నకలు నా ముందుంది. మూడో పేరాలో ‘మీ తిరువనంతపురం ప్రయోగశాలలో పనిచేయడం నా చిరకాల కోరిక’ అని ఉంది. ఒకే ఉత్తరాన్ని రెండు చోట్లకూ పంపుతూ ఊరి పేరు మార్చడం మరిచారు. ఇది చదివి నేను నవ్వలేదు. ఎంపిక కమిటీల్లో కూర్చున్న రోజుల్లో ఇలాంటి ఉత్తరాలు తరచుగా వచ్చేవి, వాటిని పక్కన పెట్టడానికి మాకు అర నిమిషం కూడా పట్టేది కాదు. ఊరి పేరు తప్పడం చిన్న పొరపాటే. కాని ఆ ఉత్తరం మొత్తంలో మీరు చేసిన పని గురించి ఒక్క వాక్యమూ లేదు. ఆసక్తి, అభిరుచి, చిన్ననాటి కల అనే మాటలే ఉన్నాయి. ఈ రెండో లోపాన్ని సరిదిద్దుకోవడానికి నెలలు పడతాయి. నేను రాయబోయేదంతా ఎక్కువగా దాని గురించే.

ముందు మీ సీనియర్ల మాట సంగతి తేల్చుకుందాం. సీఎస్ఐఆర్ (శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) పేరిట పరిశోధన అర్హత కోసం జరిగే నెట్ పరీక్షలో జియాలజీ విద్యార్థులు రాసే పేపరు పూర్తి పేరు ‘ఎర్త్, అట్మాస్ఫియరిక్, ఓషన్ అండ్ ప్లానెటరీ సైన్సెస్’. గ్రహ శాస్త్రం మీ పేపరు పేరులోనే ఉంది. పరికరాల తయారీ, గ్రహాల వాతావరణాలు, అయనావరణం వంటివి ఫిజిక్స్ వారి చేతిలో ఉన్న మాట నిజమే. తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ వంటి చోట్ల మీకంటే వారికే పని ఎక్కువ. కాని నేల మీదికి దిగాక లెక్క మారుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగాక, ప్రజ్ఞాన్ రోవర్ మీద ఉన్న ఆల్ఫా కణ ఎక్స్-రే వర్ణపటమాపకం దాదాపు 103 మీటర్ల దారిలో 23 చోట్ల మట్టిని పరీక్షించింది. ఆ పరికరాన్ని తయారు చేసింది అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ. అది ఇచ్చినవి అల్యూమినియం, కాల్షియం, ఇనుము, మెగ్నీషియం వంటి మూలకాల పాళ్లు. ఆ పాళ్లను చూసి, అక్కడి నేల ప్రధానంగా ఫెర్రోవన్ అనార్థసైట్ (ఎక్కువగా ప్లాజియోక్లేస్ అనే ఖనిజంతో ఏర్పడిన రాయి) స్వభావం గలదనీ, చంద్రుడి తొలి రోజుల్లో కరిగిన శిలాద్రవ సముద్రం మీద తేలికైన ప్లాజియోక్లేస్ స్ఫటికాలు తేలి గట్టిపడిన పైపొరకు అది ఆనవాలనీ చెప్పడం శిలాశాస్త్రం పని. ప్లాజియోక్లేస్‌ను సూక్ష్మదర్శిని కింద చారల చారలుగా చూసినవారికి ఆ వాక్యం ఎంత బరువైనదో తెలుస్తుంది. మీరు చూసే ఉంటారు.

ఇంకో ఉదాహరణ కూడా చెబుతాను. చంద్రుడి మీద దిగే ముందు ల్యాండర్, రోవర్‌లను భూమి మీద పరీక్షించడానికి చంద్రుడి మట్టిని పోలిన మట్టి కావలసి వస్తే, తమిళనాడులోని సిత్తంపూండి దగ్గర దొరికే అనార్థసైట్ రాయిని పిండి చేసి వాడారు. ఆ రాయి అక్కడ ఉందని, అది పనికొస్తుందని చెప్పినవారు మీ శాస్త్రం చదివినవారే.

ఇక పని విషయం. గ్రహ శాస్త్రంలో ఒక విచిత్రమైన సౌకర్యం ఉంది. భూమి మీద ఏదైనా ఖనిజాన్ని వెతకాలంటే జీపు కావాలి, అనుమతులు కావాలి, ప్రయోగశాల ఖర్చులు కావాలి. చంద్రుడి మీద ఖనిజాన్ని వెతకడానికి కావలసిన సమాచారంలో చాలా భాగం ఎవరైనా ఉచితంగా దించుకునేలా ఉంది. బెంగళూరు శివార్లలోని బ్యాలాలులో ఇస్రో నడిపే అంతరిక్ష విజ్ఞాన సమాచార కేంద్రం ‘ప్రదాన్’ అనే పోర్టల్‌లో చంద్రయాన్-2 వంటి యాత్రల సమాచారాన్ని ఉంచుతోంది. పేరు నమోదు చేసుకుంటే చాలు. చంద్రయాన్-2 మీది అధిక స్పష్టత కెమెరా తీసిన చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద పావు మీటరుతో సమానం. చంద్రయాన్-1 మీద వెళ్లిన అమెరికా పరికరం మూన్ మినరాలజీ మ్యాపర్ సమాచారం నాసా భాండాగారంలో ఉంది. చంద్రుడి మీద నీటి, హైడ్రాక్సిల్ జాడలను 2009లో బయటపెట్టింది అదే. మంగళ గ్రహానికి 2006లో చేరిన మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్, చంద్రుడి చుట్టూ 2009 నుంచి తిరుగుతున్న లూనార్ రికానసెన్స్ ఆర్బిటర్ పంపిన చిత్రాలకైతే లెక్కే లేదు. ఇన్ని చిత్రాలను నిదానంగా చూడడానికి లోకంలో కళ్లు చాలడం లేదు. ప్రకటన వెలువడితేనే అవకాశం వచ్చినట్టని మీరు అనుకుంటున్నారు. ఈ సమాచారం ముందు ఏ ప్రకటనా లేకుండానే కూర్చోవచ్చు.

మీరు చేయగల ఒక పనిని కొంచెం దగ్గరగా చూపిస్తాను. చంద్రుడి మీద నల్లగా కనిపించే మచ్చలు బసాల్టు మైదానాలు. మీ నల్లరేగడి చేల కింద ఉన్న దక్కను నల్లరాయి కూడా బసాల్టే. రెండింటిలోనూ పైరాక్సీన్ ప్రధాన ఖనిజం. పైరాక్సీన్‌లోని ఇనుము సూర్యకాంతిలో రెండు చోట్ల, సుమారు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగం దగ్గర, రెండు మైక్రాన్ల దగ్గర, కాంతిని పీల్చుకుంటుంది. అందుకే వర్ణపటంలో, అంటే ఏ తరంగంలో ఎంత కాంతి తిరిగి వస్తుందో చూపే గీతలో, ఆ రెండు చోట్లా గుంటలు పడతాయి. ఆ ఖనిజంలో కాల్షియం, ఇనుము పెరిగే కొద్దీ గుంటల స్థానం పొడవైన తరంగాల వైపు జరుగుతుంది. ఆలివీన్ అనే ఖనిజం ఉంటే రెండు మైక్రాన్ల గుంట కనిపించదు, ఒక మైక్రాన్ దగ్గర మాత్రం వెడల్పాటి గుంట పడుతుంది. మూన్ మినరాలజీ మ్యాపర్ 0.43 నుంచి 3 మైక్రాన్ల వరకు చూసింది. చంద్రుడంతటినీ చూసిన పద్ధతిలో 85 తరంగ పట్టీలు, ఒక్కో చుక్కకు 140 మీటర్లు. ఈ కొలతలకు తగిన ఒక బిలాన్ని ఎంచుకోండి. పది పదిహేను కిలోమీటర్ల వ్యాసం గలది, మైదానపు అంచున ఉన్నది అయితే మంచిది. బిలం గోడ మీద, అడుగున, బయటికి విరజిమ్మిన పదార్థం మీద వర్ణపటాలు తీసి, గుంటల స్థానాలు ఎలా మారుతున్నాయో ఒక పటం గీయండి. పైనున్న లావా పొర ఎంత మందం, దాని కింద ఏముంది అన్న ప్రశ్నను ఆ బిలమే మీ బదులు తవ్వి చూపిస్తుంది. ఎవరూ ముట్టని బిలమే కావాలన్న పట్టుదల వద్దు. ఇదివరకు ఎవరో చేసిన బిలాన్ని తీసుకుని, వారి ఫలితం మీకూ వస్తుందో లేదో చూసుకోవడం మొదటి మెట్టుగా చాలా మంచిది.

వర్ణపటాలు కష్టమనిపిస్తే బిలాలను లెక్కపెట్టడంతో మొదలుపెట్టండి. ఎక్కువ కాలం వానలో నిలబడిన గోడ మీద ఎక్కువ మరకలు పడినట్టు, పాత నేల మీద ఎక్కువ బిలాలు ఉంటాయి. ఆ లెక్కను ఏళ్లలోకి మార్చే కొలబద్ద, అపోలో, లూనా యాత్రలు తెచ్చిన రాళ్ల వయసుల నుంచి వచ్చింది. 2020లో చైనా చాంగ్ఎ-5 తెచ్చిన రాళ్ల వయసు దాదాపు 200 కోట్ల సంవత్సరాలని తేలాక, ఆ కొలబద్దలో చాలా కాలంగా ఖాళీగా ఉన్న ఒక చోట గుర్తు పడింది. ఈ పనిలో చిక్కు ఎక్కడంటే, పెద్ద బిలం పడినప్పుడు ఎగిరిన రాళ్లు మళ్లీ పడి చేసిన చిన్న బిలాలను విడిగా గుర్తించి లెక్కలోంచి తీసేయాలి. అది కంటికి రావలసిన అలవాటు, కంప్యూటర్‌కు పూర్తిగా అప్పగించగలిగినది కాదు. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితమే, గ్రహాల చిత్రాలను సరిచేసే అమెరికా భూగర్భ సర్వే వారి ఐసిస్ ఉచితమే, ప్రోగ్రాములు రాసే పైథాన్ ఉచితమే. మీ హాస్టల్ గదిలో లేనిదల్లా నమ్మకమైన ఇంటర్నెట్టే కావచ్చు. పెద్ద ఫైళ్లను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కూర్చుని దించుకోండి.

ఇలాంటి పని మూడు నాలుగు నెలలు చేసి, నాలుగు పటాలు, రెండు పేజీల రాత చేతిలో పెట్టుకున్నాక దరఖాస్తు ఉత్తరం తనంతట తానే మారుతుంది. ఒక అధ్యాపకుడికి ఎలా రాయాలో నమూనాగా చెబుతాను: ‘ఫలానా బిలం గోడ మీద రెండు మైక్రాన్ల గుంట మైదానంలో కంటే పొట్టి తరంగాల వైపు జరిగినట్టు కనిపించింది, ఉష్ణ సవరణ సరిగా చేయలేదేమోనన్న అనుమానం ఉంది, మీ వ్యాసంలో మీరు వాడిన పద్ధతిలో మళ్లీ చేసి చూశాను, తేడా కొంత తగ్గింది, రెండు పేజీల నివేదిక జతచేశాను, మీ దగ్గర ప్రాజెక్టు ఫెలో స్థానం గాని, నెట్ ద్వారా పీహెచ్‌డీ స్థానం గాని ఉంటే పరిశీలించమని ప్రార్థన.’ అంతే. ఇది ఇంగ్లీషులో ఎనిమిది తొమ్మిది వాక్యాలు అవుతుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చానన్న బెరుకు మీ ఉత్తరంలో రెండు చోట్ల కనిపించింది. పొట్టి వాక్యాలు రాయండి. చేసిన పనిని చెప్పడానికి అలంకారాలు అక్కర్లేదు. అనుమానాన్ని దాచకుండా రాసిన అభ్యర్థిని నేనైతే తప్పకుండా పిలిచేవాణ్ణి.

ఇప్పుడు తలుపులు. దేశంలో మొదటి తాళంచెవి నెట్ లేదా గేట్ పరీక్ష. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37 వేల రూపాయలు, తర్వాత 42 వేలు, పైన ఇంటి అద్దె భత్యం. 2023 జనవరి నుంచి ఈ రేట్లు అమలులో ఉన్నాయి. ఈ అంకెలను నాన్నగారికి చూపించండి. పరిశోధన అంటే ఇంటి డబ్బు తెచ్చి చదవడమన్న భయం కొంత తగ్గుతుంది. గేట్‌లో ‘జియాలజీ అండ్ జియోఫిజిక్స్’ పేపరులో జియాలజీ విభాగం మీది. ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ అర్హతలలో ఒకటి ఉంటే ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ జేఆర్ఎఫ్ ప్రకటనకు మీ దరఖాస్తు నిలబడుతుంది. 1947లో విక్రమ్ సారాభాయ్ స్థాపించిన ఆ సంస్థలో గ్రహ శాస్త్రానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఉల్కలను, చంద్రుడి రాళ్లను పరీక్షించిన దీర్ఘ సంప్రదాయం ఉంది. అదే నగరంలో ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌లో కూడా గ్రహాల ఉపరితలాల మీద పనిచేసే బృందం ఉంది. మీరు ఆ రెండు చోట్ల ఎవరు ఏం చేస్తున్నారో వారి వ్యాసాలు చదివి తెలుసుకున్నాకే రాయండి.

నెట్ రాలేదని ఆగిపోవలసిన పనీ లేదు. ఇస్రో ‘రెస్పాండ్’ పథకం కింద విశ్వవిద్యాలయాలకు ప్రాజెక్టులు ఇస్తుంది. మీరు పొరపాటున దరఖాస్తు చేసిన ఆ పిలుపుల ద్వారా కూడా అధ్యాపకులకు ప్రాజెక్టులు వస్తాయి. ప్రాజెక్టు వచ్చిన అధ్యాపకుడికి పనిచేసే మనిషి కావాలి. అప్పుడు ఆ విశ్వవిద్యాలయం తన వెబ్‌సైటులో ఒక చిన్న ప్రకటన ఇస్తుంది, గడువు చాలా తక్కువగా ఉంటుంది, దానిని చూసేవారూ తక్కువే. అందువల్ల ఆ పిలుపులను మీరు చదవవలసిన తీరు వేరు: దరఖాస్తు చేయడానికి కాదు, ఏ అధ్యాపకులకు రేపు మనిషి అవసరం పడుతుందో తెలుసుకోవడానికి.

హైదరాబాద్‌లోనే ఉండి చేయగలిగినదీ కొంత ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) భూమి కోసం ఏర్పడిన సంస్థే, కాని రాళ్ల రసాయనాన్ని, ఐసోటోపులను, భౌతిక లక్షణాలను కొలిచే చేతులు అక్కడ ఉన్నాయి. అక్కడ చేసే పీహెచ్‌డీకి ఏసీఎస్ఐఆర్ (అకాడమీ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇన్నోవేటివ్ రీసెర్చ్) పట్టా ఇస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. బాలానగర్‌లోని ఎన్ఆర్ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) పని ప్రధానంగా భూమిని పైనుంచి చూడడం. అయినా వర్ణపటాలతో ఖనిజాలను గుర్తించే విద్య భూమికీ చంద్రుడికీ ఒకటే. గ్రహ శాస్త్రం అన్న బోర్డు ఉన్న గదిలోనే గ్రహ శాస్త్రం మొదలుకావాలని లేదు. బసాల్టు మీద గట్టి పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత చంద్రుడి వైపు తిరిగినవారు చాలామంది ఉన్నారు.

లోనార్‌ను కూడా ఒకసారి చూసి రండి. మహారాష్ట్రలోని బుల్దాణా జిల్లాలో ఉన్న ఆ బిలం సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు. దక్కను బసాల్టులో ఉల్క పడి ఏర్పడినది, అందులోనూ ఇంత చక్కగా నిలిచినది, భూమి మీద చాలా అరుదు. అందుకే చంద్రుడి, అంగారకుడి బిలాలను అర్థం చేసుకోవాలనుకునేవారు దేశదేశాల నుంచి అక్కడికి వస్తారు. మనకు నాందేడ్ మీదుగా ఒక రాత్రి ప్రయాణం. గట్టు మీద నిలబడి, తలకిందులైన లావా పొరలను చూసి, నోటు పుస్తకంలో బొమ్మ గీసుకోండి. అది రక్షిత ప్రాంతం కాబట్టి అనుమతి లేకుండా రాయి ఏరుకోకండి. ఈ మాట ఎందుకంటే మన జియాలజీ వారి సంచులు ఊరుకోవు.

సదస్సుల గురించి క్లుప్తంగా. ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ 2020 నుంచి ఇండియన్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్ నిర్వహిస్తోంది. మీ రెండు పేజీల రాతకు సరైన మొదటి వేదిక అదే. అమెరికాలో టెక్సస్‌లో ఏటా మార్చిలో జరిగే లూనార్ అండ్ ప్లానెటరీ సైన్స్ కాన్ఫరెన్స్‌కూ రెండు పేజీల సారాంశాలే పంపాలి; ఆ సారాంశాలన్నీ ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ప్రస్తుతానికి మీరు అక్కడికి వెళ్లనక్కర్లేదు. గత రెండు మూడేళ్ల సారాంశాల్లో మీ అంశానికి దగ్గరగా ఉన్న ఓ ముప్పై చదవండి, రెండు పేజీల్లో శాస్త్రాన్ని ఎలా చెబుతారో తెలుస్తుంది.

విదేశీ పీహెచ్‌డీలకు తొందరపడకండి, కాని తలుపు మూసుకోకండి. జర్మనీలో గోటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సౌరకుటుంబ పరిశోధన సంస్థ నడిపే పీహెచ్‌డీ కార్యక్రమానికి ఏ దేశం వారైనా దరఖాస్తు చేయవచ్చు; జీతం ఉంటుంది. యూరప్ మేరీ క్యూరీ డాక్టొరల్ నెట్‌వర్కులలో జాతీయత అడ్డుకాదు. ఉద్యోగం ఇచ్చే దేశంలో గడిచిన 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండకూడదన్నదే ప్రధాన షరతు, దాని వల్ల మీకు ఇబ్బంది లేదు. ఇక్కడే పీహెచ్‌డీలో చేరితే, మధ్యలో కొన్ని నెలలు అమెరికాలో పనిచేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ ఉంది. అమెరికా విశ్వవిద్యాలయాలకు నేరుగా పంపాలంటే ఒక్కో దరఖాస్తుకు రుసుము కట్టాలి. ముందుగా అధ్యాపకుడితో ఉత్తరాలు నడవకుండా రుసుము కట్టకండి. రుసుము మినహాయింపు అడగడానికి సిగ్గుపడకండి.

విదేశం మాట వచ్చింది కాబట్టి మన ఊరి సంగతి ఒకటి. బేగంపేటలోని నిజామియా వేధశాలలో తండ్రి పనిచేస్తుండగా దూరదర్శినుల మధ్య పెరిగి, నిజాం కళాశాలలో చదివిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బాపు, హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1949లో హార్వర్డ్‌కు వెళ్లారు. అదే ఏడు జూలైలో ఒక ఛాయాఫలకం మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. బాపు-బోక్-న్యూకర్క్ అన్న పేరు దానిదే. ఆ స్కాలర్‌షిప్ చేతికి రాకముందే, విద్యార్థిగానే ఆయన చరకాంతి (వెలుగు మారుతుండే) నక్షత్రాల మీద పరిశీలనలు చేసి వ్యాసాలు ప్రచురించి ఉన్నారు. ప్రకటన వచ్చేనాటికి పని ఉందన్నమాట.

పద్దెనిమిది వేల సంగతి ఒక్క ముక్కలో తేల్చవచ్చు: కట్టకండి. నిజమైన పరిశోధన సంస్థలు పనిచేయించుకున్నందుకు ఎదురు ఇస్తాయి, లేదా ఏమీ తీసుకోకుండా నేర్పుతాయి. ఆ సర్టిఫికెట్‌ను ఏ ఎంపిక కమిటీ కూడా రెండోసారి చూడదు. ఎంపికైనవారి పేర్లు గాని, నేర్పేవారి వ్యాసాలు గాని చూపలేని చోట డబ్బు కట్టించుకునే తొందర ఒక్కటే కనిపిస్తుంది. డెహ్రాడూన్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రిమోట్ సెన్సింగ్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది. గ్రహాల భూగర్భ శాస్త్రం మీద కూడా పాఠాలు చెప్పింది. సర్టిఫికెట్టే కావాలనిపిస్తే అక్కడ తీసుకోండి. ఆ పద్దెనిమిది వేలల్లో లోనార్ వెళ్లి రావచ్చు, ల్యాప్‌టాప్‌లో మెమరీ పెంచుకోవచ్చు, నెట్ రుసుమూ కట్టవచ్చు.

నాన్నగారి మాటను మీరు ఉత్తరంలో కొంచెం విసుగుతో రాశారు. ఆయన అడుగుతున్నది స్థిరత్వం. దానికి గ్రూప్-2 కంటే మీ చదువుకు దగ్గరగా ఉన్న దారి ఒకటి ఉంది: యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష. దాని ద్వారా జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో జియాలజిస్టు కావచ్చు. దేశంలో పడిన ఉల్కలను భద్రపరిచే బాధ్యత కూడా ఆ సంస్థదే. దాని శిక్షణ సంస్థ హైదరాబాద్‌లోనే, బండ్లగూడలో ఉంది. మరీ ముఖ్యమైన విషయం, జియో-సైంటిస్ట్, నెట్, గేట్ మూడింటికీ ఖనిజశాస్త్రం, శిలాశాస్త్రం, నిర్మాణ భూగర్భ శాస్త్రం, భూరసాయనం చాలా వరకు ఒకే పుస్తకాల నుంచి చదవవచ్చు. గ్రూప్-2కు అయితే ఆ పుస్తకాలన్నీ అటక మీద పెట్టి వేరే ప్రపంచంలోకి వెళ్లాలి. కాబట్టి పొద్దున నాలుగు గంటలు ఈ మూడు పరీక్షల కోసం, సాయంత్రం రెండు గంటలు మీ బిలం కోసం పెట్టుకుని, రెండేళ్ల గడువు నాన్నగారిని అడగండి. గడువు పెట్టి అడిగితే తండ్రులు సాధారణంగా ఒప్పుకుంటారు, గడువు లేకుండా అడిగితేనే భయపడతారు.

రెండేళ్లు ఎందుకంటున్నానో కూడా చెప్పాలి. చంద్రుడి నుంచి రాళ్లు తెచ్చే చంద్రయాన్-4కు, శుక్రగ్రహ యాత్రకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం ఇచ్చింది. జపాన్‌తో కలిసి పంపే చంద్రయాన్-5కు 2025లో ఆమోదం వచ్చింది. ఇవి ఎప్పుడు ఎగిరినా, ఆ రాళ్లను, ఆ సమాచారాన్ని చేతిలోకి తీసుకోవడానికి అప్పటికే పీహెచ్‌డీ ముగించినవారో, ముగించబోతున్నవారో కావాలి. ఇప్పుడు మొదలుపెడితే మీరు ఆ వరుసలో ఉంటారు.

ఈ వారం చేయవలసింది చిన్న పని. శనివారం ఊరికి వెళ్లినప్పుడు, నల్లరేగడి పక్క తవ్విన పాత బావి ఏదైనా ఉంటే దాని గట్టున పడి ఉన్న నల్లరాయి ఒకటి, పిడికిలంత, తాజాగా పగిలిన ముఖం ఉన్నది చూసి తెచ్చుకోండి. డిపార్ట్‌మెంట్‌లో అడిగి దానికి థిన్ సెక్షన్ (కాంతి దూరేంత పలచని రాతి ముక్క) చేయించండి. సూక్ష్మదర్శిని కింద పైరాక్సీన్‌ను, ప్లాజియోక్లేస్‌ను గుర్తుపట్టి బొమ్మ గీయండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో మీ బిలం తెరిచి మొదటి వర్ణపటం తీయండి. రెండింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన అతికించి నాకు పంపితే, తర్వాతి ఉత్తరం ఎవరికి రాయాలో అప్పుడు మాట్లాడుకుందాం.